ఏడో కొక్కేనికి దీపం

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒకటే. నేను పెట్టిన సంతకం వల్ల నా భర్త హంతకుడైపోతాడేమోనని. చీకటంటే నాకు భయం లేదు. సొరంగంలో రాయి విరిగి పడుతుందన్నా, పోలీసులన్నా నిన్నటి భయం ఇవాళ లేదు. ఆ సంతకమంటేనే భయం. ఏడో తరగతిలో బడి మానేసినదాన్ని. నా చేతిరాతతో ఇన్నేళ్లలో ఎవరికీ పని పడలేదు. నిన్న సాయంత్రం నాలుగు నలభైకి పడింది.

ల్యాంపు గది రిజిస్టర్లో నేను రాసింది ఇంతే: మూడో టూరు. లోపలికి పన్నెండు. బయటికి పన్నెండు. కింద నా పేరు.

ఆ పన్నెండు మందిలో ఒకాయన కనిపించకుండా పోయాడు. అందరూ బయటికి వచ్చినట్టు నేనే రాసిచ్చాను కాబట్టి, ఆయనకేం జరిగినా గని బయటే జరిగిందని పోలీసులు తేల్చేశారు. ఐదున్నరకు పాత క్వారీ గుంట ఒడ్డున ఆయన టోపీ దొరికింది. గుంటలో నీళ్లు నాలుగు నిలువుల లోతు. సొరంగంలో ఆయనతో గొడవపడింది నా భర్త. మూడు నలభై నుంచి నాలుగున్నర దాకా సైకిల్ దారి మీద రాళ్లు తీస్తూ ఒంటరిగా ఉన్నదీ నా భర్తే. ఆరున్నరకు జీపెక్కించారు. ఎక్కుతూ నన్ను చూసి, "పాపకు జ్వరం తగ్గిందా?" అని మాత్రం అడిగాడు.

మాది ఒకప్పటి బంగారు గని. బంగారం ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు జనం టికెట్ కొని చూసిపోతారు. గుట్టల మీద సైకిల్ దారి, లోయ మీద జిప్‌లైను, ఇసుక కడిగి బంగారు రేణువులు ఏరుకోవడానికి నీళ్ల తొట్లు ఉన్నాయి. అన్నిటికంటే సొరంగానికే గిరాకీ. టూరుకు పన్నెండు మంది. నా భర్త ముందు నడిచే గైడు. మా అన్నయ్య చివర నడుస్తాడు. నేను ల్యాంపు గదిలో కూర్చుని వాళ్ల టోపీలు తీయించి అరలో పెట్టి మనిషికొక హెల్మెట్ ల్యాంపు ఇస్తాను, తిరిగొచ్చాక కొక్కేలకు తగిలించి ఛార్జింగ్ పెడతాను. పన్నెండు కొక్కేలు, పన్నెండు ల్యాంపులు. కొక్కెం ఖాళీగా ఉందంటే మనిషి లోపలున్నట్టు. పాతకాలపు కూలీల నాటి నుంచీ ఇదే పద్ధతి.

నిన్న కనిపించకుండా పోయినాయన పట్టుకెళ్లింది ఏడో నంబరు ల్యాంపు. ఆయనను మేం రాళ్ల మేష్టారు అంటాం. రాళ్లు పోగుచేసే పిచ్చి. నాలుగోసారి వచ్చాడు. రెండు నలభైకి గోడలోని తెల్లరాయిని సుత్తితో కొట్టబోతే నా భర్త సుత్తి లాక్కున్నాడు, ఇద్దరూ అరుచుకున్నారు.

మూడుంబావుకు బడి నుంచి ఫోను. "మీ పాప వాంతి చేసుకుంది, ఒళ్లు కాలిపోతోంది." టూరు ఇంకా లోపలే ఉంది. అన్నయ్య వచ్చి ల్యాంపులు తగిలిస్తాడులే అని తలుపు దగ్గరగా వేసి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి నాలుగు నలభై. పన్నెండు కొక్కేలూ నిండుగా ఉన్నాయి. ఒక చేత్తో పాప మందుల కవరు పట్టుకుని రెండో చేత్తో సంతకం పెట్టాను. ఒక్క ల్యాంపునైనా చేతిలోకి తీసుకుని చూడలేదు. నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది ఇప్పుడు.

ఇవాళ పొద్దున తొమ్మిదింటికి పాపను అత్తమ్మకు అప్పగించి వచ్చాను.

"మొగుణ్ణి స్టేషన్లో కూర్చోబెట్టి డ్యూటీకి పోతావా? నీకేమైనా మతి పోయిందా?" అని అత్తమ్మ అరిచింది.

"స్టేషన్ మెట్ల మీద కూర్చుని ఏడిస్తే వదిలేస్తారా అత్తమ్మా? నేను నా ల్యాంపులు చూసుకోవాలి."

సొరంగం మూసేశారు. జిప్‌లైను, తొట్లు నడుస్తున్నాయి. జనం కేకలు, పైన లౌడ్‌స్పీకర్లో పాటలు. ఒక మనిషి పోయిన మర్నాడు!

తొమ్మిది ఇరవైకి ల్యాంపు గది తలుపు లోపలి నుంచి గడియ పెట్టి, ఒక్కో ల్యాంపు తీసి గోడ మీదికి వేశాను. ఒకటి, పసుపు వెలుగు. రెండు, పసుపు. ఆరు దాకా పసుపే. ఏడోది నొక్కగానే గోడ మీద తెల్లగా భగ్గుమంది. కళ్లు జిగేలుమన్నాయి.

ఆ పసుపు సంగతి చెప్పాలి. టూరుకొచ్చిన వాళ్లు మాట్లాడేటప్పుడు ఒకరి మొహం ఒకరు చూస్తారు. తలకున్న ల్యాంపు ఎదుటివాళ్ల కళ్లలో గుచ్చుకుంటుంది. కిందటేడు ఒక పెద్దావిడ కళ్లు బైర్లు కమ్మి పడిపోతే, పాప పుస్తకాలకు అట్టలేసే పసుపు ప్లాస్టిక్‌ను గుండ్రంగా కత్తిరించి పన్నెండు ల్యాంపులకూ గాజు లోపల పెట్టాను. నా భర్త, అన్నయ్య, నేను నేల మీద కూర్చుని ఒక మధ్యాహ్నమంతా అదే పని. గైడుల ల్యాంపులకు పెట్టలేదు. ప్రమాదం జరిగితే వాడే ఆరు ల్యాంపులు ఈ గది మూల అలమారాలో విడిగా ఉంటాయి, వాటికీ పెట్టలేదు.

ఏడో నంబరు స్టిక్కర్ గోటితో గీకాను. జిగురింకా మెత్తగానే ఉంది. మిగతా స్టిక్కర్లు చేతి మురికి పట్టి నల్లబడ్డాయి. ఇది నిగనిగలాడుతోంది.

అలమారా దగ్గరికి వెళ్లాను. దాని తాళంచెవి సెక్యూరిటీ ఆఫీసరు దగ్గర మాత్రమే ఉంటుంది. తాళం మీద సీలుగా సీసపు బిళ్లతో తీగ ఉండాలి. ఆ తీగను తుంచి, కొసలు మెలిపెట్టారు. అద్దంలోంచి లెక్కపెట్టాను. ఆరు ఉండాల్సిన చోట ఐదున్నాయి.

అంటే అసలు ఏడో ల్యాంపు బయటికి రాలేదు. దాన్ని పెట్టుకున్న మనిషీ రాలేదు. నిండా ఛార్జింగ్ ఉన్న ల్యాంపు పన్నెండు గంటలు వెలుగుతుంది. రెండూ పదికి ఇచ్చాను, అర్ధరాత్రి దాటాక రెండూ పదికి ఆరిపోయి ఉంటుంది. అప్పటి నుంచి ఆయన కటిక చీకట్లో ఉన్నాడు. బతికి ఉంటే.

కొత్త ల్యాంపు తగిలించిన చెయ్యి అన్నయ్యది కాదు. పసుపు సంగతి అన్నయ్యకు తెలుసు. ఎవరికి తెలియదు? ఒక్కసారి కూడా సొరంగంలోకి దిగనివాడికి. మెడలో విజిల్ వేసుకుని మూడేళ్లుగా గేటు దగ్గరే నిలబడి, "దుమ్ము నాకు పడదు" అని తప్పించుకునే మా సెక్యూరిటీ ఆఫీసరుకు. విజిల్ సారు అంటాం.

అయితే మూడున్నరకు పదకొండు ల్యాంపులే చేతికొచ్చినా నోరు మూసుకున్నది అన్నయ్యే. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

అన్నయ్యను ఇవాళ తొట్ల దగ్గర వేశారు. పదిమంది పిల్లలు పళ్లేలు పట్టుకుని ఇసుక తిప్పుతున్నారు. పొద్దున్నే గుప్పెడు మెరుపు రేణువులు ఇసుకలో చల్లేదీ అన్నయ్యే, అవి దొరికితే "అబ్బో, అదృష్టవంతుడివిరా" అనేదీ అన్నయ్యే.

"నిన్న నీ చేతికి ఎన్ని ల్యాంపులొచ్చాయి?" అన్నాను.

"పన్నెండు. నువ్వే సంతకం పెట్టావుగా."

"నా సంతకం నాలుగు నలభైకి. నేనడిగేది మూడున్నరకు."

"పిల్లలున్నారు చెల్లీ, తర్వాత మాట్లాడదాం."

ఒకావిడ మధ్యలో దూరింది. "మా వాడికి ఇంకా బంగారమే రాలేదండీ."

"వస్తుందమ్మా, మెల్లగా తిప్పమనండి," అన్నాడు అన్నయ్య. ఆయన చేతిలో పళ్లెం మాత్రం మెల్లగా లేదు. నీళ్లు చొక్కా మీద చిందుతున్నాయి.

సొరంగంలో రెండో మలుపు దగ్గర, కింది సొరంగానికి దిగే దారి పక్కనే, ఒక ఆట ఉంది. అందరి ల్యాంపులూ ఆర్పించి ఒక నిమిషం చీకట్లో నిలబెడతారు. తర్వాత నా భర్త ముందు నుంచి లెక్క పిలుస్తాడు, ఎవరి నంబరు వాళ్లు అరవాలి. చివరి గైడు 'సరే' అంటే లెక్క సరిపోయినట్టు. ముందున్నవాడు మళ్లీ వెనక్కి తిరిగి చూడడు.

"చీకటి నిమిషం తర్వాత ఏడు అని అరిచిందెవరు?"

పళ్లెం ఆగింది.

"నన్ను చూసి చెప్పు. నాన్న గొంతుతో బడికి ఫోన్ చేసి నీకు నువ్వే సెలవు ఇప్పించుకున్నవాడివి. ఏడు అన్నదెవరు?"

"మెల్లగా మాట్లాడు."

"మెల్లగానా? నా మొగుడు లాకప్పులో కూర్చుంటే మెల్లగానా?"

పళ్లెం లాగి తొట్లో కొట్టాను. పిల్లలు కిలకిలా నవ్వారు, ఇదీ ఆటలో భాగమే అనుకున్నారేమో. అన్నయ్య నా రెక్క పట్టుకుని తొట్టి వెనక్కి లాక్కెళ్లాడు.

"విజిల్ సారు చెప్పాడు. మేష్టారు తన మనిషని. కింది సొరంగం గేటు తాళంచెవి మేష్టారుకే ఇచ్చాడు. చీకటి నిమిషంలో పక్కకు తప్పుకుంటాడు, రాళ్లు ఏరుకుని టూరు బయటపడేలోగా వచ్చి వెనకాల కలుస్తాడు, నువ్వు లెక్క సరిచెయ్యి చాలు అన్నాడు. ఇదేం కొత్త కాదు, ఇదివరకు మూడుసార్లూ అలాగే వచ్చాడు."

"నువ్వెందుకు ఒప్పుకున్నావు?"

"నన్ను ముందు గైడుగా వేస్తానన్నాడు. ఎనిమిదేళ్లుగా జనం వీపులు చూస్తూ నడుస్తున్నా."

"బావ స్థానం కావాలా నీకు? వచ్చిందిగా. ఖాళీ చేయించావుగా!"

"అలా అనకు."

"ఇంకెలా అనాలి? మేష్టారు ఎందుకు రాలేదు?"

"ల్యాంపులు తగిలించాక వెళ్లి చూశాను. గేటవతల కప్పు రాయి కూలింది. దారి మూసుకుపోయింది. పిలిచాను."

"పలికాడా?"

"రాయి మీద రాయితో కొట్టిన చప్పుడొచ్చింది. మూడుసార్లు."

"వినిపించింది. చెవులారా విన్నావు. విని, ఇంటికెళ్లి అన్నం తిన్నావా?"

"సారుకు చెప్పాను. నాలుగింటికే చెప్పాను. తాను చూసుకుంటానన్నాడు. నోరు విప్పితే లెక్క తప్పు చెప్పినందుకు నన్నే లోపలేయిస్తానన్నాడు. టోపీ గుంట దగ్గర దొరికిందాకా ఆయన చూసుకుంటాడనే అనుకున్నా."

"దొరికాక?"

తొట్టి అంచుకు అంటిన ఇసుకను గోటితో గీకాడు. ఉమ్మి వేయాలనిపించింది. తోడబుట్టినవాడు కాబట్టి మింగేశాను.

"గేటు పక్కన గాలి బిలం ఉంది," అన్నాడు. "అందులోంచి పాకితే రాళ్లకు అవతల తేలొచ్చు. నేను వెళతాను."

"ముందు పోలీసులకు చెప్పు."

"ఫోనేది? పొద్దున్నే గైడులందరి ఫోన్లూ సారు తీసేసుకున్నాడు, విచారణ అని. చెప్పినా ఎవరు నమ్ముతారు? నీ రిజిస్టరు పన్నెండంటోంది."

అదీ నిజమే. మేష్టారు బతికి బయటికొస్తేనే నా భర్త బయటికొస్తాడు. ఆయన లోపలున్నాడనడానికి సాక్ష్యం ఆ తెల్ల ల్యాంపు. దాన్ని నేనే స్టేషన్‌కు పట్టుకెళ్లాలని ల్యాంపు గదికి పరుగెత్తాను. పదీ నలభై.

తలుపు తీసే ఉంది. విజిల్ సారు నా కుర్చీలో కూర్చుని నా రిజిస్టరు తిరగేస్తున్నాడు.

"ఏమ్మా, డ్యూటీ వదిలేసి పిల్లలతో ఇసుక ఆటలా?"

"సార్, మీరు ఎప్పుడైనా సొరంగంలోకి దిగారా?"

"నా ఉద్యోగం గేటు దగ్గర."

"అందుకే మీకు తెలియలేదు." ఆరో ల్యాంపు తీసి గోడ మీద వేశాను. పసుపు. ఏడోది తీసి ఆయన మొహం మీదే వేశాను. చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆపవమ్మా!"

"గుచ్చుకుంటోందా? అందుకే ఇక్కడి పన్నెండు ల్యాంపులకూ పసుపు ప్లాస్టిక్ పెట్టాం. ఇది మీ అలమారాలోది. స్టిక్కరు నిన్న అంటించారు. నాలుగింటికి మా అన్నయ్య చెప్పిన మాట, నాలుగు నలభైకి నేను వచ్చిన టైము, మధ్యలో ఈ గదిలోకి వచ్చింది మీరు. మేష్టారు అరలో వదిలిన టోపీ గుంట దగ్గరికి చేరిందీ అప్పుడే."

ఆయన మొహంలో రంగు మారడం చూశాను. ఒక్క క్షణమే. తర్వాత నవ్వాడు.

"ఏడో క్లాసు తప్పినదానివి, నాకు డిటెక్టివ్ పాఠాలు చెబుతావా?"

"తప్పలేదు సార్. మానేశాను. తప్పాలంటే పరీక్ష రాయాలి."

"నోరు బాగానే లేస్తోంది. ఒక సంగతి విను." రిజిస్టరు నా వైపు తిప్పి సంతకం మీద వేలు పెట్టాడు. "ఇది నిజమైతే నీ మొగుడు హంతకుడు. అబద్ధమైతే ప్రభుత్వానికి తప్పుడు లెక్క రాసిన నేరం నీది. ఏది కావాలో నువ్వే తేల్చుకో. ఇంట్లో పిల్లకు ఇద్దరిలో ఒకరైనా మిగలాలిగా?"

పాప మాట ఎత్తేసరికి నాకు ఒళ్లు తెలియలేదు. బల్ల మీది ఛార్జరు తీసి విసిరాను. ఆయన భుజానికి తగిలింది.

"మనిషి బతికున్నాడు! రాయి కొడుతున్నాడు! గేటు తాళంచెవి ఇంకోటి నీ దగ్గర ఉంటుంది, ఇవ్వు. ఇవ్వవయ్యా! నీ పరువు కోసం ఒక మనిషిని పాతిపెడతావా?"

"పరువు కాదమ్మా. సొరంగంలో ప్రమాదమంటే గని మూసేస్తారు. మూడొందల మంది బతుకు. బయట గుంటలో ఒకడు పడ్డాడంటే వారం రోజుల గొడవ. నీ మొగుడికి మంచి లాయరును నేనే పెట్టిస్తా."

సర్కారు ఫారం చదువుతున్నట్టు అన్నాడు ఆ మాట. నేను బల్ల మీది నా ఫోన్ అందుకోబోయేలోగా ఆయనే తీసుకున్నాడు. ఏడో ల్యాంపు, రిజిస్టరు చంకలో పెట్టుకున్నాడు. అడ్డం వెళితే ఒక్క తోపు తోశాడు, కొక్కేల మీద పడ్డాను. ఇనుప తలుపు మూసుకుంది. బయట తాళం పడింది.

"పోలీసులు వచ్చేదాకా చల్లగా కూర్చో. సాక్ష్యాలు తారుమారు చేస్తుంటే పట్టుకున్నానని చెబుతా."

గొంతు పగిలేలా అరిచాను. మూరెడు మందం రాతి గోడలు, పైన లౌడ్‌స్పీకరు. ఎవరికి వినిపిస్తుంది?

పదకొండు యాభైకి ల్యాంపులిచ్చే చిన్న కిటికీ దగ్గర అన్నయ్య మొహం కనిపించింది. చేతిలో గడ్డపార. తాళం మీద రెండు దెబ్బలు వేశాడు. ఈ తలుపు ఒకప్పుడు పేలుడు మందులు దాచిన గదిది, చెక్కు చెదరలేదు.

"నన్ను వదిలెయ్. జనం దగ్గరికెళ్లి చెప్పు, ఎవరి ఫోనైనా అడుగు," అన్నాను.

"జిప్‌లైను దగ్గర సారు మనుషులున్నారు, నన్నే వెతుకుతున్నారు. ముందు మేష్టారు. తర్వాత నువ్వు. ల్యాంపు ఇవ్వు."

మూడో నంబరు ఇచ్చాను. వేళ్లు తగిలాయి. చల్లగా ఉన్నాయి.

"గంటలో వస్తాను. బావకు చెప్పు, నేను..."

"నువ్వే చెప్పుకో. నీ తరఫున నేనేమీ చెప్పను."

ల్యాంపు నెత్తిన బిగించుకున్నాడు. సొరంగం నోట్లోకి వంగి వెళ్లడం చూశాను.

రిజిస్టరు పోయింది, ల్యాంపు పోయింది. నాకు మిగిలింది నా తలలో ఉన్న టైములే. అవి చెరిగిపోకముందే రాసి పెట్టాలనుకున్నాను. సొరంగంలో ఏం జరిగినా బాధ్యత నాదే అని టూరుకొచ్చిన వాళ్లతో సంతకాలు పెట్టించుకునే ఫారాలు బల్ల కింద కట్టలుగా ఉన్నాయి. వాటి వెనక పక్క రాస్తున్నాను. తప్పులుంటే ఉండనీ. ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో మాత్రం ఒక్క నిమిషం కూడా తేడా లేదు. పోలీసు ఎవరు వచ్చినా ఆయన చేతిలో పెట్టాలని ఇంతసేపూ రాశాను.

ఇక్కడిదాకా రాసేసరికి గోడ గడియారంలో ఒంటిగంటా ఐదు. పాదాల కింద నేల నిశ్శబ్దమైపోయింది.

పంపు ఆగింది.

పంపు గది ఈ గోడకు అవతలే. రాత్రింబగళ్లు నేలలో సన్నగా వణుకుతూనే ఉంటుంది, కరెంటు పోయినా జనరేటరు మీద నడుస్తుంది. దానంతటది ఆగదు. మీట ఎవరో కిందికి దించాలి. దించిన కాసేపటికి విజిల్ సారు నడిచిపోవడం కిటికీలోంచి కనిపించింది. వెనక్కి తిరిగి చూడలేదు. కింది సొరంగంలో ఎప్పుడూ మోకాలి లోతు నీళ్లుంటాయి. పంపు ఆగితే రెండు గంటల్లో కప్పు దాకా నిండుతుందని నా భర్త ప్రతి టూరులో చెబుతాడు. జనం నవ్వి ఫోటోలు తీసుకుంటారు. అన్నయ్య లోపలికెళ్లి గంటా పదిహేను నిమిషాలైంది. సారుకు ఆ సంగతి తెలుసో తెలియదో. తెలిసే దించాడేమో.

ఈ కాగితం అన్నిటికీ పైన చుట్టి, ల్యాంపు బెల్టు బరువు కట్టి, కిటికీలోంచి కింది సైకిల్ దారి మీదికి విసురుతున్నాను. సైకిల్ ఆపి దీన్ని తీసినది ఎవరైనా సరే, మిగతాది తర్వాత చదవండి. నా తలుపు సంగతి వదిలేయండి. ఎర్రరంగు తలుపున్న పంపు గదిని పగలగొట్టి మీట పైకెత్తండి. ఫోనుంటే పోలీసులకు, ఫైరింజనుకు చెయ్యండి. పోలీసులకు మాత్రం సెక్యూరిటీ వాళ్ల చేత చెప్పించకండి, మీరే చెప్పండి. ఆ తర్వాత సొరంగంలో రెండో మలుపు దాకా వెళ్లి, ఎడమవైపు కిందికి దిగే దారి దగ్గర నిలబడి గట్టిగా పిలవండి. అక్కడ ఇద్దరున్నారు. ఒకాయన ముసలాయన, రాయితో కొడతాడు. ఇంకొకడు మా అన్నయ్య. అతని మీద నా కోపం తీరలేదు, ఇప్పుడప్పుడే తీరదు. అయినా ఒక్కసారి వెళ్లి, ఉన్నాడో లేడో చూడండి.